వీడియో కోర్టులో నా చొక్కా

బుర్ర తక్కువ, హుషారు ఎక్కువ ఉన్నవాడికి సర్కారు ఉద్యోగమిస్తే ఎంత కొంప మునుగుతుందో చెబుతాను, వినండి. ఆ మహానుభావుణ్ణి నేనే.

రెండు వేల ఆరు ప్రాంతం. కడపలో పిల్లల హోంలో ప్రొబేషన్ ఆఫీసరుగా చేరి మూడు నెలలైంది. పిల్లల నడవడిక మీద కోర్టుకు రిపోర్టు రాయడం నా పని. నాకు ఇరవై మూడేళ్లు, అయిదడుగుల ఎత్తు. మీసం ఇంకా రావాలా వద్దా అని ఆలోచిస్తోంది. మేజిస్ట్రేటుగారు కర్నూలులో ఉండేవారు. పిల్లల్ని బస్సుల్లో తిప్పలేక కొత్తగా వీడియోలో విచారణ పెట్టారు.

ఆ రోజు మద్దిలేటి కేసు. పదో తరగతి పిల్లాడు, తాటిచెట్టంత పొడుగు. ఎవరిదో మోపెడ్ ఎక్కి కోయిలకుంట్ల నుంచి డోన్ దాకా పోయి, పెట్రోలు అయిపోయి దొరికిపోయాడు. సోమవారం నుంచి వాడికి పబ్లిక్ పరీక్షలు. ఆ పూట వదలకపోతే ఏడాది గోవిందా! వాళ్లమ్మ పొద్దున్నే కర్నూలు చేరి కోర్టు వరండాలో కూర్చుంది.

వీడియో అనగానే నాకు ఫోటో స్టూడియో గుర్తొచ్చింది. హోం వాళ్లిచ్చిన చొక్కాలో వీడు దిక్కులేనివాడిలా కనబడతాడని, నా నీలిగళ్ల చొక్కా విప్పి తొడిగాను. మొహానికి పౌడరు కూడా కొట్టాను.

"మరి మీరు, సార్?" అన్నాడు మద్దిలేటి.

"నీ చొక్కా ఇటియ్యి, నేనేసుకుంటా. నన్నెవరు చూస్తారు లేప్పా!"

తీరా చూస్తే వాడి తల తెరలో పట్టడం లేదు. కెమెరా సరిచేద్దామని ఫైలు చేతికిచ్చి వాణ్ణి వెనక నిలబెట్టి, నేను వాడి స్టూలు మీద కూర్చుని తెర చూసుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే లైను కలిసింది.

"ఏరా, మోపెడ్ నడపడం ఎవరు నేర్పార్రా నీకు?" అన్నారు మేజిస్ట్రేటుగారు.

"సార్, నేను..."

"నోర్ముయ్! తల దించు."

ఏం చేయమంటారు? దించాను.

"ఆఫీసరుగారూ, వీడి నడవడిక ఎలా ఉంది?"

నా వెనక గొంతు సవరించుకున్న చప్పుడైంది.

"శానా మంచోడు సార్. అందరికన్నా ముందే లేస్తాడు. సోమవారం పరీక్షలుండాయి, ఇంటికి పంపిస్తే బాగుంటాది సార్" అన్నాడు మద్దిలేటి, నా ఫైలు తిరగేస్తూ.

ఓరి నీ అసాధ్యం కూలా! నేను నాలుగు పేజీల రిపోర్టు రాసినా అంత బాగా కుదరలేదు.

"సరే, తల్లికి అప్పగిస్తున్నాం. ఆమెను పిలవండి."

ఆమె లోపలికొచ్చి తెర చూసి గుండెలు బాదుకుంది.

"ఓ సామీ! ఈయప్ప ఎవరో నాకు తెల్దు! నా కొడుకు ఆ ఎనక ఫైలు పట్టుకోనుండాడు!"

"మరి ముందున్నవాడెవడమ్మా?"

"నాకేం తెలుసు సార్? మీరిచ్చినా నేను తీసుకోను!"

కోర్టంతా ఒకటే నవ్వు. నేను లేచి పేరూ ఉద్యోగమూ చెప్పుకున్నాను. నాకు మాత్రం నిజంగానే ఏడుపొచ్చింది. నా తింగరితనానికి వాడి ఏడాది పోతే?

మేజిస్ట్రేటుగారు నవ్వి నవ్వి, కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకున్నారు. "ఆఫీసరు కన్నా పిల్లాడే నయం. ఈ రోజే పంపించెయ్" అన్నారు.

సాయంత్రానికి వాళ్లమ్మ మైదుకూరు మీదుగా బస్సులో వచ్చి కొడుకును తీసుకుపోయింది. వాడు పరీక్ష రాశాడు, పాసయ్యాడు కూడా. ఆ సాయంత్రం పోతూ పోతూ ఆమె నన్ను ఎగాదిగా చూసి, "నీకూ ఒకమ్మ ఉంటాది గదప్పా, ఇంటికి పో" అంది.

ఆ రోజే ఒట్టు పెట్టుకున్నాను. ప్రాణం పోయినా సరే, నేనెవరో చెప్పకుండా ఏ కెమెరా ముందూ కూర్చోను. ఇంతవరకు తప్పలేదు. మా చెల్లెలి పెళ్లిలో వీడియో అతను లైటు నా వైపు తిప్పగానే, నిండు పందిట్లో లేచి చేతులు జోడించి చెప్పాను:

"అయ్యా, నేను పెళ్లికొడుకును కాను."