లోపలి వైపు నునుపు

మా పేటలో సగంమంది మా బావ పళ్ళతోనే నవ్వుతారు. మిగతా సగం ఇంకా సొంతపళ్ళు ఊడక ఆగారంతే. కట్టుడు పళ్ళు చేసే ల్యాబులో ఆయన పాలిష్ మనిషి. తయారైన సెట్లను డబ్బాల్లో పెట్టుకుని బండిమీద ఇళ్ళకు చేరవేసేది నేను. ఇంటర్లో చదువే నన్ను వదిలేసింది. నేను దాన్ని వదిలేశానని జనం పొరబడతారు.

డబ్బా ఇచ్చినచోటల్లా ఒక కథ కూడా ఇచ్చేవాణ్ణి, ఊరికే. బావ చేసిన సెట్టు పెట్టుకుని ఒకాయన తుమ్మితే, అది రోడ్డు దాటి అవతలి పోలీసు చెయ్యి కరిచి పట్టుకుందనీ, విడిపించడానికి ఇద్దరు కావాల్సొచ్చిందనీ చెప్పేవాణ్ణి. ఇది బావ చెవిన పడింది.

“తుమ్మితే ఊడేది నా సెట్టెలా అవుతుందిరా, తలకాయలేనోడా?” అన్నాడు.

కోతలో కూడా తన పని తప్పుగా ఉండకూడదాయనకి.

సెట్టుకి బయటివైపు అద్దంలా మెరవాలి, తిన్నది అంటకుండా. లోపలివైపు మాత్రం పాలిష్ చక్రానికి తగలనివ్వకూడదు. మనిషి చిగుళ్ళ ముడతలన్నీ అక్కడ అచ్చుపడి, మసగ్గా ఉంటాయి. వాటిమీద ఉమ్మి పలచగా పరుచుకుంటేనే సెట్టు పట్టు దొరకబుచ్చుకుంటుంది. ఒక్కటే చిక్కు. ప్లాస్టర్ అచ్చులో గాలిబుడగ ఉన్నచోట సెట్టుమీద చిన్న గింజ లేస్తుంది. గులాబీరంగు మీద గులాబీరంగు, కంటికి ఆనదు. నోట్లో పెట్టుకుంటే మాత్రం చెప్పులో రాయే. బావ కళ్ళు మూసుకుని వేలికొసతో తడిమి, ఆ గింజ ఒక్కదాన్నే గీకేసి, చుట్టుపక్కల ముట్టుకునేవాడు కాదు.

వానలు మొదలైన నెలలో ఒక రిటైర్డు మాస్టారు కబురుపెట్టారు. వెళ్ళాను. సెట్టు గ్లాసులో ఉంది, ఆయన బుగ్గలు లోపలికి పోయున్నాయి.

“గుచ్చుకుంటోందా మాస్టారూ?”

“లేదయ్యా. హాయిగా ఉంది. నోరు తెరిస్తే మాత్రం జారిపోతోంది. మనవరాలితో మాట్లాడుతుంటే దాని ఒళ్ళో పడింది. అది భయపడి నా దగ్గరికి రావట్లేదు.”

నా దగ్గర కథలకి కొదవా? ఆ రోజు ఒక్కటీ రాలేదు. మెట్లు దిగాక సెట్టు తిప్పిచూశాను. లోపలివైపు నా మొహం కనబడింది. ఆ వారం వెనక్కొచ్చిన వాటిలో ఇది మూడోది.

బావ చక్రం దగ్గర ఉన్నాడు. సెట్టు ముందు పెట్టాను.

“లోపల పాలిష్ కొట్టావేంటి బావా?”

చక్రం ఆపాడు. “గింజ ఉందో లేదో తెలీట్లేదురా. అందుకని అంతా నునుపు చేసేశా. గుచ్చుకోకపోతే చాలనుకున్నా.”

“తెలీకపోవడమేంటి?”

“వేళ్ళకి తెలీట్లేదు.” వేళ్ళు చూపించాడు. మామూలు వేళ్ళే. “సెట్టు పొడిలో కలిపే ఆ లిక్విడ్ వల్లేనట. డాక్టరు గ్లౌజులేసుకోమన్నాడు. గ్లౌజులేస్తే గింజ తెలీదు కదరా. వేసుకోలేదు.”

“అక్కకి తెలుసా?”

“కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు చెప్పా. ఊరుకుంది.”

ఎప్పట్నించి అని నేనడగలేదు. బయటపడితే పోయేది చక్రం ముందు కుర్చీ. ఆయనకి ఇంకో పని రాదు.

సాయంత్రం ల్యాబు నడిపే మేడమ్ వెనక్కొచ్చిన మూడు సెట్లూ బల్లమీద పరిచింది. నేను కథ అందుకున్నాను. ప్లాస్టర్ కొత్త బస్తా అనీ, దానిలో ఇసుక కలిసిందనీ, బస్తా ఎత్తినవాడి నడుమే సాక్ష్యమనీ దంచేస్తున్నాను. మంచి కథే. ఇంకాసేపు ఉంటే బస్తా లారీ ఎక్కేది.

“వాడు కోతలు కోస్తున్నాడు మేడమ్,” అన్నాడు బావ. “నా వేళ్ళు పోయాయి.”

మేడమ్ నమ్మలేదు. ఇంకా పూర్తికాని సెట్టొకటి తెచ్చి చేతిలో పెట్టింది. “గింజెక్కడుందో చెప్పండి.”

బావ కళ్ళు మూసుకున్నాడు. వేలు లోపలంతా తిప్పాడు. మళ్ళీ తిప్పాడు. మేడమ్ నావైపు చూసింది. గింజ కుడిపక్క, వెనకాల ఉంది, పొద్దున ఆ సెట్టు సర్దుతుంటే నా వేలికే తగిలింది. నేను దగ్గుదామనుకున్నాను. దగ్గితే మాత్రం ఏ పక్కో ఆయనకెలా తెలుస్తుంది?

“తెలీట్లేదండీ,” అన్నాడు.

“ఇక్కడి పనంతా నేను చూసుకుంటా. మీరు వీడితో డెలివరీకి వెళ్ళండి,” అంది. కోపంగా అనలేదు. ఆయన సెట్టును బల్లమీద పెట్టి, చక్రం స్విచ్చి కట్టేసి, పైన గుడ్డ కప్పాడు.

మాస్టారికి కొత్త సెట్టు మేడమ్ చేసింది. నేను బండి నడిపాను, వెనక బావ డబ్బా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. దారిలో ఏవో చెప్పాను. నవ్వలేదు. విన్నాడో లేదో.

మాస్టారు సెట్టు పెట్టుకున్నారు. నోరు పెద్దగా తెరిచారు, మూశారు. పక్కగదివైపు తిరిగి మనవరాల్ని పేరుపెట్టి పిలిచారు. పళ్ళు కదల్లేదు. పిల్ల గుమ్మందాకా వచ్చి నిలబడింది.

“బాగా కుదిరింది బాబూ. మీరే చేశారా?”

“బయట మెరుపు నాదేనండీ,” అన్నాడు బావ. తర్వాత, “కాదులెండి. అదీ మేడమే చేసింది.”

మాస్టారు చెయ్యి చాపారు. బావ చెయ్యిచ్చాడు. ఆయన ఎంతసేపు పట్టుకున్నారో బావ చూస్తున్నాడు, ఎప్పుడు వదిలారో కూడా చూసే తెలుసుకున్నాడు.

“పదరా,” అన్నాడు. “ఇంకా రెండిళ్ళున్నాయి.”