జర ఆగు, లేస్తది

కోదాడ నుంచి సూర్యాపేట పోయే పొద్దుటి బస్సులో నా పక్క సీటు ఒక కంప్యూటర్ లెక్చరర్‌ది. బస్సు కదలగానే ఆయన తన పాత లాప్‌టాప్ మూత వేసి, చంటిబిడ్డను పడుకోబెట్టినట్టు మెల్లగా జోకొట్టేవాడు. మూత వేస్తే అది నిద్రపోవాలి, తెరిస్తే లేవాలి. కానీ ఒకసారి పడుకుంటే ఇక లేచేది కాదు; నిద్రలో కుంభకర్ణుడు దాని దగ్గర ట్యూషన్ చెప్పించుకోవాలి.

దాన్ని నడిపేది ప్రపంచమంతా కలిసి ఉచితంగా రాసుకునే లినక్స్ అనే సాఫ్ట్‌వేర్; అందులోనే ఆ జబ్బు కుదర్చాలని ఆయన పంతం. ఇంట్లో కోడ్ మార్చేవాడు, బస్సులో పరీక్షించేవాడు. సూర్యాపేట బస్టాండులో ఆయన మూత తెరుస్తుంటే బస్సు ఇంజను కూడా ఊపిరి బిగబట్టేది.

"లేసిందా సారూ?" అనేవాడు కండక్టర్.

"జర ఆగు, లేస్తది."

"మొఖం మీద నీళ్లు సల్లుండ్రి!" అని వెనక సీటు సలహా.

నల్లటి తెరలో ఆయన మొహమే కనబడేది.

ఏళ్ల తర్వాత ఒకరోజు లేచింది. కండక్టర్ వేసిన విజిల్ మిర్యాలగూడ దాకా వినబడే ఉంటుంది. ఆయన తన కోడ్‌ను లినక్స్ పెద్దలకు పంపాడు.

కొన్నాళ్లకు కండక్టర్ అడిగాడు. "ఏమాయె సారూ? కలుపుకున్నరా?"

"గిసొంటి మిషనే ఉన్నోళ్లు ఇంకొకరు సూసి, పనిచేస్తున్నదని చెప్పాల్నంట."

"చెప్పిద్దాం తియ్యిండ్రి. ఎవరి దగ్గరుంది?"

"ఎవరి దగ్గర లేదు. దీన్ని చేసిన కంపెనీ ఎప్పుడో ఖతమైంది."

సూర్యాపేటలో మూత తెరిచాడు. లాప్‌టాప్ టక్కున లేచింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఆయన దాన్ని కాసేపు చూసి, మళ్లీ మూత వేసి జోకొట్టాడు.