మైకులో నేను మింగేసిన 'ఏమో'

నేను చేసిన ఘనకార్యం చెబితే మీరు నవ్వుతారు. నవ్వండి. కానీ అది విన్నాక జన్మలో నా చేతికి మైకు ఇవ్వరు.

మా సుజాతక్క హైదరాబాదులో పరిశోధన చేస్తుంది. ఆమెకు కొత్తగా పీహెచ్‌డీ వచ్చిన రోజులవి. పుల్లలచెరువు దగ్గర మా ఊరికి సెలవులకు వచ్చింది.

"ఇంతకూ నువ్వు చేసే పని ఏందక్కా?" అని అడిగాను.

"కణాలు కంటికి కనపడనంత చిన్న తిత్తుల్ని బయటికి వదులుతాయిరా. దెబ్బతిన్న గుండెకు వాటిని అందిస్తే బాగవుతుందేమో చూస్తాన్నాం. ఇప్పటికి ఎలుకల మీదనే."

నా ఛాతీ పొంగిపోయింది. ఆ పొంగులో 'ఏమో' కొట్టుకుపోయింది, వెనకాలే ఎలుకలూ పోయాయి. సాయంత్రానికల్లా నా ఆటోకు మైకు కట్టి ఊరంతా తిరిగాను. "గుండెజబ్బులు నయం చేసే డాక్టర్ సుజాత గారు మన ఊరికి వచ్చినారహో!"

తెల్లారేసరికి మా వాకిట్లో తిరనాళ్ళే! ఈసీజీ కాగితాలు పట్టుకుని కొందరు, మాత్రల సంచులతో కొందరు. గొర్రెలు కాసే ఓబులేసు పెదనాయనైతే ఏకంగా పొట్టేలునే లాక్కొచ్చాడు.

"దీనికి ఆయాసం తల్లీ. దీనిదీ గుండే గదా!"

అక్క నావైపు చూసిన చూపుకు పొట్టేలు వెనక్కి జరిగింది.

"ఏందిరా ఇది?"

"పబ్లిసిటీ అక్కా."

తలుపేసుకుంటుందనుకున్నాను. స్టూలు తెచ్చుకుని అందరి మధ్యా కూర్చుంది.

"నేను వైద్యం చేసే డాక్టర్ని కాదు. మా మందు ఇంకా తయారు కాలేదు. చానా ఏళ్ళు పట్టొచ్చు, అసలు రాకనూ పోవచ్చు" అని ఉన్నదున్నట్టు చెప్పింది. అంతలో పెదనాయన మీద ఆమె చూపు ఆగింది.

"ఆ చెమటేంది పెదనాయనా?"

"ఏం లేదమ్మా. పొద్దున్నుంచి ఎడమ చెయ్యి గుంజతాంది. ఈ పొట్టేలును లాగినా గదా."

అక్క చటుక్కున లేచింది. "ఒరే, ఆటో తీయి! మార్కాపురం పోదాం."

అది గుండెపోటేనన్నారు ఆసుపత్రిలో. వేళకు తెచ్చారు కాబట్టి బతికాడన్నారు. అక్క మాత్రం, "నేనేం చేసినా? ఆటో ఎక్కించినా, అంతే" అంది. ఆ మాటతో నా కళ్ళలో ఆమె ఇంకో మెట్టు ఎక్కింది.

ఇక అక్క పని గురించి గొప్పలు చెప్పనని ఆసుపత్రి మెట్ల మీదే ఒట్టేసుకున్నాను. వారం తిరక్కుండానే బస్సులో మమ్మల్ని ఎరిగిన పక్కూరి అవ్వ ఒకామె అడిగింది, "మీ యక్క ఏం చేస్తాంది నాయనా?"

"చదువుకుంటాంది అవ్వా" అన్నాను, వినయంగా.

"ఇంకానా? అయ్యో పాపం, ఎన్నిసార్లు తప్పిందో!"

అందుకే కొత్త ఒట్టు వేసుకున్నాను. మా అక్క గురించి గొప్పగానూ చెప్పను, తగ్గించీ చెప్పను. ఎవరడిగినా ఆమెకే ఫోన్ కలిపిస్తాను.