కొండ మీద ఎర్ర చీర

మా ఆయన చిన్నరాయప్ప ఫైర్ వాచర్. విస్సన్నపేట అవతల కొండ మీద ఫారెస్టువాళ్ల కాపలా గది ఒకటుంది. ఎండాకాలమంతా అందులో కూర్చుని, అడవిలో పొగ లేస్తే ఆఫీసుకు ఫోన్ చేయాలి. పూర్వం మా మామగారూ అదే పని చేశారు. అప్పట్లో ఫోన్లెక్కడివి? వెదురు గడకు తెల్లగుడ్డ ఉంటే క్షేమం, ఎర్రగుడ్డ ఎగిరితే నిప్పు. ఊరంతా పొద్దున్నే లేచి కొండ వంక చూసేది. సెల్‌ఫోన్లు వచ్చాక ఆ గడ మూలపడింది.

మూడేళ్ల కిందట మా మరిది ఇన్నయ్య మొక్కజొన్న మోళ్లు తగలబెడితే మంట అడవి అంచుకు పాకింది. మా ఆయన పైనుంచి చూసి, తమ్ముడని కూడా చూడకుండా ఆఫీసుకు చెప్పేశారు. కేసయింది.

"సొంత తమ్ముణ్ని పట్టిస్తావా? నీకూ నాకూ చెల్లు!" అని ఇన్నయ్య చర్చి ముందే అరిచాడు. మా ఇద్దరి నంబర్లూ బ్లాక్ చేశాడు. ఈయనేమో "నా డ్యూటీ నేను చేశాను" అని బిగుసుకు కూర్చున్నారు. ఒకడు మొండి, ఇంకొకడు జగమొండి. మధ్యలో నా ప్రాణం విసిగిపోయింది.

మొన్న ఏప్రిల్లో కొండ వెనక ఎండుగడ్డి అంటుకుంది. ఆ వాలు కిందే ఇన్నయ్య మామిడితోట. కాయ కోతకొచ్చి ఉంది, గాలి అటే వీస్తోంది. మధ్యలో గుట్ట అడ్డం కాబట్టి తోటలోవాళ్లకు మంట కనపడదు. మా ఆయన ఆఫీసుకు చెప్పారు గానీ బండి రావాలి కదా! తమ్ముడికి చేస్తే కలవలేదు. నాకు చేసి, "అమృతం, వాడి తోటకు పరిగెత్తవే!" అన్నారు. ఆ గొంతులో అంత భయం నేనెప్పుడూ వినలేదు. చెప్పులు కూడా వేసుకోకుండా బయల్దేరాను. తోటేమన్నా పక్కనుందా?

నేను దారిలో ఉండగానే ఈయన కిటికీకి ఎండ తగలకుండా కట్టిన నా పాత ఎర్రచీర పీకి, మూలనున్న గడకు కట్టి పైకెత్తారట.

రొప్పుతూ వెళ్లేసరికి ఇన్నయ్యా, కూలీలూ గట్టు పొడవునా ఎండుటాకు ఊడ్చేసి, పచ్చికొమ్మలతో మంటను కొడుతున్నారు. ఫారెస్టు బండీ వచ్చింది. రెండు చెట్లు మాడాయి, తోట దక్కింది.

"ఎవరు చెప్పారయ్యా నీకు?" అన్నాను.

"ఎర్రగుడ్డ కనపడింది వదినా."

"ఈ రోజుల్లో కొండ వంక ఎవరు చూస్తున్నారు?"

"నేను చూస్తా. అన్నయ్య ఒక్కడే గదా పైన. అటూ ఇటూ తిరగటం కనపడితేగానీ నాకు పని తోచదు."

నాకు కోపమూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. "మరి ఫోనెందుకు బ్లాక్ చేశావయ్యా, సన్నాసీ?"

ఇన్నయ్య జేబులోంచి ఫోన్ తీసి నా చేతిలో పెట్టాడు. "అప్పుడు కోపంలో సెల్‌ఫోన్ షాపువాడి చేత చేయించా. తియ్యమని అడగటానికి సిగ్గేసింది వదినా."