మిసావో అక్క తప్పించిన సందు

మిసావో అక్క సైకిల్ తొక్కుతుంటే నిద్రలో నడుస్తున్నట్టుంటుంది. ముందు ఆమె, వెనక ఊరు చూడ్డానికి వచ్చిన అతిథులు, అందరికంటే చివర నేను. క్యోటోలో పదకొండేళ్లుగా మా ఇద్దరి పనీ ఇదే. ఆమె దారి చూపిస్తుంది. నేను పంక్చర్లు వేస్తాను, వెనకబడ్డవాళ్లను తోలుకొస్తాను, సణుగుతాను. అంతకుముందు ముప్పయ్యేళ్లు ఆమె పట్టు మగ్గం మీద కూర్చుంది. మగ్గాలు మూతపడితే ఏడుస్తూ కూర్చోలేదు, సైకిలెక్కింది.

ఆ అక్టోబరు ఉదయం కామో నది మీద మంచు ఇంకా విడలేదు. సప్పోరో నుంచి వచ్చిన అయిదుగురు రిటైరైన టీచర్లు గట్టు వెంట మెల్లగా తొక్కుతున్నారు. నీళ్లలో ఒక కొంగ కదలకుండా నిలబడి ఉంది. ఏ పెరట్లోంచో కిన్‌మొకుసెయి పూల తీపి వాసన వస్తోంది. చక్రాల చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. ఎవరికీ మాట్లాడాలని లేదు. నేను మాత్రం లోపల ఉడికిపోతున్నాను.

ఎందుకంటే చిజుయే ఆ మధ్యాహ్నమే ఊరు వదిలి కూతురి దగ్గరికి వెళ్లిపోతోంది. అక్కకి ఆమె పక్కింటి మనిషి, పక్క మగ్గం మీద పనిచేసిన మనిషి, చిన్ననాటి నేస్తం. ఇద్దరికీ మూడేళ్లుగా మాటల్లేవు. చిజుయే భర్త పోయినప్పుడు, పాపం లేవలేకపోతోందని, అక్క నెల రోజులపాటు తెల్లవారగానే ఆమె వాకిలంతా ఊడ్చి నీళ్లు చల్లింది. మా వీధిలో ఎవరి వాకిలి వాళ్లు ఊడ్చుకుంటారు, పక్కవాళ్లది ఒక మూరెడు ఊడుస్తారు. ఆ మూరెడూ స్నేహం. అంతకు మించితే, నీ ఇల్లు నువ్వు చూసుకోలేవని నలుగురిలో చాటినట్టే. ఇక్కడే పుట్టి పెరిగిన మనిషికి ఆ సంగతి తెలియదా? తెలుసు. జాలి కళ్లు కప్పేసింది. చిజుయే ఒక్క మాటా అనలేదు. నెల తిరిగాక గీత గీసినట్టు తన వాకిలి వరకే ఊడ్చుకుని తలుపేసుకుంది. అప్పట్నుంచి అక్క తమ ఇళ్లున్న ఆ సందు తప్పించే అతిథులను తిప్పుతోంది.

టోఫు కొట్టు దగ్గర ఆగినప్పుడు ఇక ఉండబట్టలేక అడిగేశాను.

"చిజుయే సామాను లారీ పన్నెండింటికి బయల్దేరుతుందట. తెలుసా అక్కా?"

"తెలుసు."

"తెలిసీ గుళ్లు చూపిస్తానంటూ తిరుగుతున్నావా?"

"అతిథులున్నారు కదరా ఇవావో."

"గుళ్లు ఎక్కడికీ పోవు. పోయేది ఆవిడ. నీ పంతం తగలెయ్య."

"పంతం కాదురా, భయం. మొహం మీదే తలుపేస్తే? అరవయ్యొక్కేళ్లొచ్చాయి, తట్టుకోలేను."

ఆ మాటకి నా కోపం నీరుగారిపోయింది. మళ్లీ సైకిళ్లెక్కాం. చెక్క జాలీల ఇళ్లు, తడి ఆరుతున్న రాళ్లు, ఎక్కడో మిగిలిన ఒక్క మగ్గం టకటకలు. తిరిగిన వీధుల్లోనే తిరిగాం. టీచర్లకు ఆ సంగతే పట్టలేదు, తమలో తాము నవ్వుకుంటూ వస్తున్నారు. అక్క ఆ సందు చుట్టూనే తిరుగుతోందని నాకు తెలుసు. మూడోసారి అటు వచ్చినప్పుడు సందు మొదట్లో దిగింది. అందరం దిగి సైకిళ్లు నడిపించుకుంటూ లోపలికి వెళ్లాం.

లారీ నిండిపోయింది. చిజుయే చేతిసంచీ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. అక్క తన సైకిల్ నా మీదకు వదిలేసి, వెళ్లి ఆమె ముందు తల వంచింది.

"నీ వాకిలి ఊడ్చి నీ పరువు తీశాను. తప్పు నాదే."

చిజుయే చేతిసంచీ కింద పెట్టింది.

"ఊడ్చినందుకు కాదే నా బాధ," అంది. "నెల రోజులు ఊడ్చావు. ఒక్కరోజైనా తలుపు తట్టావా? నీ చీపురు చప్పుడు వింటూ లోపల కూర్చునేదాన్ని."

అక్క భోరుమంది. టీచర్లు మొహాలు తిప్పుకున్నారు.

"ఇక చాల్లే," అంది చిజుయే. "వచ్చినవాళ్లందరికీ ఊరు చూపిస్తావు, నన్నొక్కసారైనా పిలిచావా? ఇవాళ నేనూ వస్తా. లారీ ఆగుతుందిలే."

అక్క సైకిల్ అక్కకిచ్చి, సీటు కిందికి దించి నాది చిజుయేకి ఇచ్చేశాను. లారీ డ్రైవరు పక్కన గుమ్మంలో కూలబడ్డాను. వాళ్లు మెల్లగా సందు చివరికి నడుస్తున్నారు. అక్క ముక్కు తుడుచుకుని, ఎప్పటిలాగే మొదలుపెట్టింది. ఇది మగ్గాల వీధి అని, ఇక్కడి పిల్లలు ఆ చప్పుడు వింటేనే నిద్రపోయేవారని. అరవయ్యేళ్లు ఆ వీధిలోనే బతికిన చిజుయే ఆమె పక్కనే నడుస్తూ, "అలాగా," అంటోంది. "నాకు తెలియనే తెలియదు."