నెమలి బొమ్మ డబ్బా

నగరి నుంచి తిరుపతి వెళ్తున్న బస్సులో నా ఒళ్ళో ఒక రేకు డబ్బా ఉంది. ఇళ్ళల్లో ప్రొజెక్టర్ పెట్టి చూసుకునే చిన్న సినిమా రీళ్ళను అమ్మిన మద్రాసు కంపెనీది అది. కంపెనీ మూతపడి చాలా ఏళ్ళయినా, మాలాంటి రీళ్ళ పిచ్చివాళ్ళం వాటికోసం ఇంకా ఊరూరా వెతుకుతుంటాం.

పక్కన కూర్చున్న పెద్దావిడ మూత మీది నెమలి బొమ్మను గుర్తుపట్టింది.

“కంపెనీ మూసేసినాక ఈ డబ్బాల్లోని ఫిలిం చుట్టలు మూటలు మూటలుగా మా ఊరికొచ్చినాయప్పా. వేణ్ణీళ్ళలో సోడా ఏసి కడిగేవాళ్ళం. నలుపంతా పోయి అద్దం మాదిరి వచ్చేది. ప్లాస్టిక్ గాజులు చేసేటోళ్ళు తీసకపోయేవాళ్ళు.”

ఆమె చేతుల వైపు చూశాను. మేము వెతుకుతున్నవన్నీ ఈ చేతుల్లోనే కరిగిపోయాయా?

“వాటిలో ఏముండాదో ఎప్పుడన్నా చూసినారా అమ్మా?”

“సూసే తీరిక యాడిది? చుట్టలు చుట్టలుగా తొట్లో ఏసేస్తా ఉంటిమి.”

డబ్బా తెరిచి, రీలు కొస విప్పి కిటికీ వెలుతురుకు పట్టాను. ఆమె కూడా కొసను పట్టుకుని కళ్ళు చికిలించి చూసింది. చిన్న చిన్న గళ్ళల్లో ఒక పాప ఊయల ఊగుతోంది.

“అయ్యో, దీంట్లో మనుషులుండారే!” అంటూ చేయి వెనక్కి లాక్కుంది.

పుత్తూరు వచ్చింది. దిగబోతూ ఆగి, డబ్బా వైపు చూసి అడిగింది.

“ఈ బిడ్డనైనా ఎవురూ కడగరు గదప్పా?”