జర్మన్ ఆఫీసరు కోటుకి నేను చేసిన రఫూ

ఖతర్‌లోని ఉమ్ ఘువైలినాలో మా టైలర్ షాపుకి వచ్చేవి ఎక్కువగా సెక్యూరిటీ గార్డుల చొక్కాలు, డ్రైవర్ల ప్యాంట్లు, పొట్ట పెరిగి నడుము వదులు చేయించుకునే సూపర్‌వైజర్ల బట్టలు. అందుకే ఆ మధ్యాహ్నం బల్ల మీద పరిచిన కోటు చూసి కత్తెర పక్కన పెట్టేశాను. బూడిద రంగు ఉన్ని బట్ట. మెడదాకా బొత్తాలు. ఎడమ ఛాతీ మీద మెడల్స్, కుడివైపు రెక్కలు చాపిన గద్ద, దాని కాళ్ళ కింద స్వస్తిక. అలవాటుగా తాకి కళ్ళకద్దుకున్నాను.

కోటు తెచ్చిన డ్రైవరు గబుక్కున నా చెయ్యి పట్టుకున్నాడు. కోనసీమ మనిషి. అల్ ఘర్రాఫాలో, తను బాబా అని పిలిచే ఒక ఖతరీ పెద్దాయన ఇంట్లో పదేళ్ళుగా కారు నడుపుతున్నాడు.

"అయ్యయ్యో, దణ్ణం పెట్టకండి బాబూ! అది మన స్వస్తిక్ కాదండి. యూదుల్ని ఊచకోత కోసినోళ్ళ గుర్తంటండి. యుద్ధంలో జర్మనీ ఆఫీసరు తొడుక్కున్న కోటంట. మా బాబా చెప్పేరు."

సిగ్గేసింది. చేతిని ప్యాంటుకి తుడుచుకున్నాను.

"గసుంటోని కోటు మీ బాబాకెందుకే?"

"ఆయనకి పాత వస్తువుల పిచ్చండి. రేడియోలు, కెమెరాలు, కత్తులు, అన్నీ అద్దాల బీరువాల్లో పెడతారు. చెడ్డోళ్ళవి కూడా దాచాలంటారండి. లేపోతే అలాంటోళ్ళు లేనే లేరనేస్తారంట."

ఒక బొత్తాం వేలాడుతోంది, దాన్ని కుట్టాలి. ఇంకేమీ ముట్టుకోవద్దని రెండుసార్లు చెప్పి, సాయంత్రం వస్తానని వెళ్ళాడు. షాపు గురించీ, నా గురించీ వాళ్ళ బాబాకి చెప్పింది తనేనని కూడా గుర్తు చేశాడు.

బొత్తాం పని పది నిమిషాల్లో అయిపోయింది. ఆ తర్వాత నా బుద్ధి ఊరుకోలేదు. కోటు తిరగేసి మరగేసి చూశాను. ఎడమ భుజం లోపల గుడ్డ ఒక పొర ఎక్కువ వేశారు. ఆ ఆఫీసరుకి ఆ భుజం కాస్త దిగి ఉండేదన్నమాట. గార్డులకి కొలతలు తీసేటప్పుడు అలాంటి భుజాలు రోజూ చూస్తాను. వాళ్ళూ అడుగుతారు, వంకర కనపడకుండా కుట్టమని. ఇతనూ ఎవరో టైలరు ముందు నిలబడి అదే అడిగి ఉంటాడు. ఆ తర్వాత ఈ కోటు తొడుక్కుని ఎక్కడికి వెళ్ళాడో, ఏం చేశాడో. ఎంత ఆలోచించినా నా ఊహ టైలరు షాపు గుమ్మం దాటలేదు.

ఎడమ జేబు కింద చొక్కా బొత్తామంత చిల్లు కనిపించింది. చిల్లున్న బట్టకి బొత్తాం మాత్రం కుట్టి పంపడమంటే, సగం గడ్డం గీసి పొమ్మన్నట్టే. పాతబస్తీలో నాకు రఫూ నేర్పిన ఉస్తాద్ అయితే వీపు చీరేసేవాడు. కింది మడత లోపలినుంచి అదే రంగు దారాలు నాలుగు లాగి, చిల్లు మీద నిలువూ అడ్డమూ నేసేశాను. రెండు గంటలు పట్టింది. దీపం కింద పెట్టి చూసుకుంటే చిల్లు ఎక్కడుండేదో నాకే తెలియలేదు. ఛాతీ ఉబ్బింది.

సాయంత్రం డ్రైవరుతోపాటు పెద్దాయనే వచ్చాడు. పాదాలదాకా తెల్లని తోబ్, చేతిలో కర్ర. నాతో హిందీలోనే మాట్లాడాడు. బొత్తాం చూసి, బాగుందన్నట్టు తలూపి "జైన్" అన్నాడు. తర్వాత ఆయన వేలు జేబు కిందకి వెళ్ళి వెతుక్కుంది.

"చిల్లేది?"

"రఫూ చేశాను బాబా. దానికి ఫులూస్ వద్దు, ఊరికేనే" అన్నాను, మెచ్చుకుంటాడని.

"అది తూటా దిగిన చోటు! ఆ చిల్లు కోసమే ఈ కోటు కొన్నాను!"

మెడల్స్‌లో ఒకటి యుద్ధంలో గాయపడ్డవాళ్ళకి ఇచ్చేదట. ఆ గాయం ఇదేనని అమ్మిన వ్యాపారి కాగితం మీద రాసిచ్చాడట. ఆయన అరుపులకి లోపలినుంచి మా మేనేజరు పరుగెత్తుకొచ్చాడు. సంగతి విని, రేపే నిన్ను ఇంటికి పంపిస్తానన్నాడు. డ్రైవరు తల దించుకున్నాడు. ఊళ్ళో నేను కట్టిస్తున్న ఇల్లు గోడల దగ్గరే ఆగి ఉంది. ఆ భయంలోంచే కోపమూ వచ్చింది.

కోటు లోపలివైపు తిప్పాను.

"బాబా, చెయ్యి పెట్టి చూడండి. తూటా కోటులోంచి పోతే లైనింగు ఎట్లా మిగిలింది?"

"తర్వాత మార్చి ఉంటారు."

"మార్చలేదు. విప్పి మళ్ళీ కుడితే పాత సూది రంధ్రాలు పక్కన కనబడతాయి. ఇక్కడ ఒకే వరస. ఇంకో మాట. తూటా దారాల్ని తెంపుకుంటూ పోతుంది. ఈ చిల్లు చుట్టూ ఉన్ని నూగంతా మేసేసి ఉంది. అది పురుగు కొట్టిన చిల్లు బాబా."

"చుప్!" అన్నాడు మేనేజరు పళ్ళ బిగువున.

పెద్దాయన కళ్ళద్దాలు పెట్టుకున్నాడు. లైనింగు కుట్టు పొడవునా గోరు నడిపించాడు. చాలాసేపు చూశాడు.

"మా ఇంటి మజ్లిస్‌లో కూర్చోడానికి వచ్చిన ప్రతి అతిథికీ తూటా అనే చెప్పాను" అన్నాడు నెమ్మదిగా. ఆయన్ని చూస్తే జాలేసింది. నోరు మూసుకుని ఉండాల్సింది అనుకున్నాను.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేదా?"

"తెలిసేది కాదు."

"మరెందుకు చెప్పావు? నిజమంటే అంత ఇష్టమా?"

వెనకనుంచి డ్రైవరు అవునను, అవునను అని కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"కాదు బాబా. ఉద్యోగం పోతుందని భయం."

ఆయన నా ముఖంలోకి చూశాడు. గడ్డం కదిలింది, తర్వాత భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెం టైమ్ పట్టింది. ఇతని జోలికి వెళ్ళకు అని మేనేజరుకి కర్ర చూపించి, రఫూ విప్పమనకుండానే కోటు మడిచి డ్రైవరు చేతిలో పెట్టాడు.

"ఆ భయం ఈ కోటు నాకు అమ్మినవాడికి కూడా ఉంటే బాగుండేది" అన్నాడు.